ఓబుళప్ప అచ్చేసిన ఉగాది కార్డు

ధర్మవరంలో కుట్టంచు పట్టుచీర నేయాలంటే ఒక మగ్గానికి ఇద్దరు కావాలి. ఈ పక్క ఒకడు, ఆ పక్క ఒకడు. వీడు విసిరిన నాడెను, ఆ పోగు మోసే కండెను, వాడు అందుకోవాలి. ఓబుళప్ప, మారెప్ప పదమూడో ఏట మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు ఒకే మగ్గం మీద అలా కూర్చున్నారు. ఓబుళప్ప పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "మారెప్ప ఇంట్లో సంగటి ఉడుకుతాంది గదా, నాకెందుకప్పా పెండ్లి?" అనేవాడు. నిజంగానే ఆ ఇంట్లోనే తినేవాడు. మారెప్ప కూతురు ఈశ్వరిని భుజానికెత్తుకుని ఊరంతా తిప్పేవాడు. పడుకోవడానికి మాత్రం తన గదికి పోయేవాడు.

ముందు ఓబుళప్ప చూపు తగ్గింది. పూర్తిగా పోలేదు కానీ, పోగుకీ పోగుకీ తేడా తెలియడం మానేసింది. తర్వాత పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మారెప్ప ఊరు వదిలాడు. హిందూపురంలో బావమరిది మగ్గాలు పెట్టి, రమ్మని కబురంపితే, పెళ్లాన్నీ కూతుర్నీ తీసుకుని రైలెక్కాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "జాబు రాస్తా ఉండప్పా" అని అరిచాడు.

బాగానే చెప్పాడు. మారెప్పకు అక్షరం ముక్క రాదు. ఓబుళప్పకు పేరూ ఊరూ రాయడం దాకా వచ్చు. మనసులో మాట రాయడానికి ఆ చదువు చాలదు. అందుకని బొమ్మలు అచ్చేశాడు. అప్పటికే చీరల మూటల మీద గుద్దే చెక్క అచ్చులు చెక్కి పొట్ట పోసుకుంటున్నాడు. కంటికి ఆనించుకుంటే కాస్త కనిపించేది, మిగతాది వేలికొన చెప్పేది. టేకు ముక్కల మీద హంసనూ మామిడిపిందెనూ చెక్కి, సిరాలో తడిపిన ఉన్నిగుడ్డకు అద్ది, దళసరి అట్ట మీద గుద్దేవాడు. బొమ్మ ఉబ్బెత్తుగా రావాలంటే చెక్కను గుంటగా తొలిచి, చెమ్మ చేసిన అట్టను దాని మీద పరిచి గరిటె వీపుతో రుద్దేవాడు. అద్దకం వాళ్లను అడిగి రంగులు తెచ్చుకునేవాడు. దూదిని గుడ్డలో మూటకట్టి అంచు నుంచి లోపలికి అద్దుకుంటూ పోతే, ఒక రంగు ఇంకో రంగులో ఎక్కడ కలిసిందో తెలిసేది కాదు.

ఏటా ఉగాదికి ఒక్కటే కార్డు. అది మారెప్పకే. వారం తిరిగేలోగా ఈశ్వరి బడి దస్తూరీలో జవాబు వచ్చేది: "నాయన నీ కార్డు మగ్గం కాడ గోడకు అంటించినాడు. వచ్చినోళ్లందరికీ చూపిస్తాండాడు." ఓబుళప్ప ఆ రెండు వాక్యాలనూ కూడబలుక్కుంటూ నెల రోజులు చదివేవాడు. ఏడాది మొత్తానికి అతనితో ఎవరైనా ఆప్యాయంగా మాట్లాడారంటే అవే మాటలు. మిగతా రోజుల్లో తనే వండుకుని, గోడకెదురుగా కూర్చుని తినేవాడు. ఒక్కోసారి తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

అరవై రెండు ఉగాదికి అంతవరకూ చేయనిది చేయాలనుకున్నాడు. వాళ్లిద్దరూ మగ్గం ఎక్కే వేళ, అప్పుడప్పుడే పొద్దు పొడిచే ఆకాశం, అది రావాలి. నడుమ ఉబ్బెత్తు సూర్యుడు, చుట్టూ ఎరుపు, పోనుపోను అంచుల దాకా నీలం. ఆ నీలం అతని కంటికి ఎంతకీ ఆనలేదు. ఇంకో పూత అద్దాడు. ఆరాక మరొకటి. పది రోజులు దానితోనే గడిపాడు. ఎవరికైనా ఒకసారి చూపించి ఉంటే బాగుండేది. చూపించడానికి ఎవరున్నారు? దారి పొడవునా నలుగురూ చూడనీ అని కవరులో కూడా పెట్టకుండా, వెనక చిరునామా రాసి, బిళ్ల అంటించి తపాలా డబ్బాలో వేశాడు.

జవాబు రాలేదు. వారం చూశాడు, నెల చూశాడు. పోస్టుమాన్ శ్రీరాములు వీధి మలుపు తిరిగితే చాలు, పని వదిలేసి అరుగు మీదికొచ్చేవాడు. "ఏమీ లేదప్పా" అనేవాడు శ్రీరాములు. కొన్నాళ్లకు ఆ మాట కూడా అనకుండా తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాడు. ఓబుళప్పకు కోపం వచ్చింది. కొత్త ఊరు, కొత్త మనుషులు, ఇక నేనెందుకు అనుకున్నాడు. మరుసటి ఉగాదికి కార్డు చేయలేదు. ఆ పై ఉగాదికీ చేయలేదు. ఆ మొండితనం వల్ల మారెప్పకేమయిందో కానీ, తను మాత్రం సగమయ్యాడు. చివరికి కోపం చల్లారి భయం మిగిలింది. అరవై నాలుగు వేసవిలో టికెట్టు కొనుక్కుని హిందూపురం బండెక్కాడు. పెనుకొండలో బండి ఆగితే, పిలవని ఇంటికి పోతున్నానా అనిపించి దిగబోయాడు. ఈలోగా బండి కదిలింది.

ఇల్లు వెతుక్కుని పోయేసరికి మారెప్ప పెళ్లాం ఉలిగమ్మ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తి చూసి చేట వదిలేసింది. కాయలు చెల్లాచెదురుగా పడ్డాయి.

"నేనమ్మా, ఓబుళప్పను."

"అన్నా... నువ్వు బతికే ఉండావా?"

అతనికి అర్థం కాలేదు. ఉలిగమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తూ చెప్పింది. "రెండేండ్ల కింద నల్లంచు జాబు వచ్చినాది గదన్నా, ధర్మవరం నుంచని పోస్టాయప్ప సెప్పినాడు. ఈశ్వరిని అప్పటికే గోరంట్లకు ఇచ్చినాము, సదివేటోళ్లు యాడుండారు? ఆ ఊర్లో నువ్వు తప్ప మాకెవురుండారు? నువ్వే పోయినావనుకొని, నడుమ ఏముండాదో గూడా సూడకుండా, గడప దాటనీకుండా ఈ వాకిట్లోనే సించేస్తి."

చావు కబురు జాబుకు అంచుల్లో నలుపు పూస్తారని ఓబుళప్పకు తెలియనిది కాదు. కానీ అతను పూత మీద పూతగా అద్దింది నీలం. అతని కంటికి అది ఇప్పటికీ నీలమే.

"మారెప్ప యాడమ్మా?"

"పోయిన కార్తీకంలో గుండె పట్టుకొని కూలబడినాడన్నా. అందరికీ జాబులు పంపితిమి. లేవనుకున్న నీకెట్ల పంపేది?" ముక్కు చీదుకుని మళ్లీ అంది. "నీ కబురు తెలిసిన పొద్దు బాయికాడ తలకు పోసుకొని, ఆ తడి గుడ్డల్తోనే మాపటి దాకా కూసున్న్యాడు. నీ పక్కన ఇంకొకరిని కూసోబెట్టుకోనని కుట్టంచు నేసేదే మానేసినాడు. ఒక్కడే సాదా చీరలు నేసినాడు, పోయేదాకా."

రెండేళ్లు మారెప్పను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి ఓబుళప్ప సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత సంచి గోడ పక్కన పెట్టి, "బాయి యాడుండాదమ్మా?" అన్నాడు.

పెరట్లో ఉలిగమ్మ నీళ్లు తోడి ఇచ్చింది. చొక్కా కూడా విప్పకుండా కడవ ఎత్తి తల మీద పోసుకున్నాడు. ఇంకొకటి అడిగాడు. నాలుగోదానికి అతని ఒళ్లు వణకడం చూసి ఆమె చేద ఆపింది.

"ఇంగ సాలన్నా."

"నాకోసరం ఆయప్ప ఎన్ని కడవలు పోసుకున్న్యాడమ్మా?"

"ఎవురు లెక్కపెట్టినారన్నా?"

"అట్లయితే తోడుతా ఉండమ్మా" అన్నాడు ఓబుళప్ప.