ముగ్గురు కలిసి రాసిన ఇంజినీరు

మా పిన్నిని ప్రెస్సులో అందరూ ఒత్తుల పిన్ని అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతోంది. ఒత్తు ఊడినా, దీర్ఘం జారినా ఎర్ర పెన్ను పడాల్సిందే. ఇంటికొచ్చిన పెళ్ళిపత్రికను కూడా దిద్ది, పిలవడానికొచ్చిన వాళ్ళ చేతికే తిరిగిచ్చిన మనిషి. తన పెళ్ళి మాట ఎత్తితే మాత్రం "ఇంకా మొదటి ప్రూఫే రాలేదు" అని నవ్వేసేది. అలా నవ్వుతూనే యాభై ఆరు నిండాయి. అదే గదిలో నేను కంప్యూటరు మీద కంపోజింగు చేస్తాను. ఆవిడ బల్లకీ నా బల్లకీ మధ్య రెండడుగులు. అంత దగ్గర ఉండి కూడా ఐదు నెలల సంగతి పసిగట్టలేదంటే నా చెంపలు నేనే వాయించుకోవాలి.

ఫోనులో ఓడ ఇంజినీరు ఒకడు దొరికాడు. భార్య పోయిందట, నడిసముద్రంలో ఒంటరి బతుకట, పిన్ని పరిచయం పూర్వజన్మ సుకృతమట. వీడియోలో కనపడమంటే కెమెరా పాడైందట. చివరికి చూడ్డానికి వస్తానన్నాడు. కంపెనీవాళ్ళు జీతం ఆపేశారు, దారి ఖర్చులు సర్దితే రాగానే తిరిగిచ్చేస్తానన్నాడు. డబ్బు వేయాల్సిన ఖాతా మాత్రం ఇంకెవరి పేరు మీదో ఉంది. పిన్ని ఒక నెల జీతం పంపింది. తర్వాత వీసాకి ఏదో అడ్డం వచ్చింది, ఇంకో నెల జీతం పోయింది. మూడోసారి, కంటి ఆపరేషన్‌కి దాచుకున్న డబ్బు తీయడానికి, సన్నచ్చు కనపడక బ్యాంకు కాగితం నింపిపెట్టమని నన్ను అడిగింది. అప్పుడు బయటపడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"లోకంలో తప్పులన్నీ దిద్దుతావు కదా, వీడొక్కడూ కనపడలేదా నీకు? ప్రేమంటాడు, వస్తానంటాడు, దారి ఖర్చులంటాడు, రాడు. ఇది మోసం పిన్నీ!"

"తెలుసే," అంది పిన్ని. "మొదటిసారి నమ్మి పంపాను. రెండోసారి నమ్మాలని పంపాను. ఇప్పుడు తెలుసు. వాడు ఒక్కడు కాదు, ముగ్గురు."

ఫోను నా ముందు పెట్టి, ప్రూఫు మీద పెట్టినట్టే వేలు పెట్టి చూపించింది.

"పొద్దున రాసేవాడు మీరు అంటాడు. 'వస్తాను' అని నిండుగా రాస్తాడు. మధ్యాహ్నంవాడు నువ్వు అంటాడు, బంగారం అంటాడు, లకీ ళకీ తేడా తెలీదు. 'నీ కల్లంటే నాకు ప్రాణం' అని రాశాడు చూడు. ఆ కల్లు ఏ చెట్టుదో!"

అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. పిన్ని నవ్వలేదు.

"మూడోది ఆడమనిషి. కళ్ళు మసకలు కమ్ముతున్నాయని చెబితే ఆ ఇద్దరూ గులాబీ బొమ్మలు పంపారు. ఈమె మాత్రం 'చుక్కల మందు ఎవరు వేస్తున్నారు?' అని అడిగింది. ఒక్క తప్పూ రాయదు."

పోయిన నెలలో ఆ మూడో మనిషి ఒక సంగతి రాసి, నిమిషం తిరక్కుండా చెరిపేసిందట. ఆలోపే పిన్ని దాన్ని ప్రూఫు కాగితం అంచున ఎర్ర పెన్నుతో ఎక్కించుకుంది. "అమ్మా, ఆ ఇంజినీరు లేడు. ఉద్యోగమని తీసుకొచ్చి మమ్మల్ని ఇక్కడ పెట్టి ఇవి రాయిస్తున్నారు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. దారి ఖర్చులుంటే బయటపడతాను." కింద ఇంకో ఖాతా నంబరు.

"ఇదీ ఎరే పిన్నీ. ఒక ఎర పని చేయకపోతే ఇంకోటి వేస్తారు."

"కావచ్చు."

"మరి?"

"కాకపోవచ్చు కూడా కదే."

పోలీసుల దగ్గరికి లాక్కెళ్ళాను. అక్కడ మా మాట విన్న ఆయన మంచివాడే, టీ కూడా ఇప్పించాడు. ఏ దేశమో తెలీదు, పేరు తెలీదు, ఆ మెసేజీ కూడా లేదు, నన్నేం చేయమంటారమ్మా అన్నాడు. ఇంకేమీ పంపొద్దని, నంబరు బ్లాక్ చేయమని చెప్పి పంపేశాడు. ఇంటికొచ్చాక పిన్ని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. మర్నాడు నేను భోజనానికి వెళ్ళిన సమయంలో ఆవిడ బ్యాంకుకి పోయి, ఆ రెండో ఖాతాకి కంటి డబ్బు పంపి వచ్చింది. కాగితం ఎవరో దారినపోయేవాళ్ళ చేత నింపించుకుందట.

ఆ తర్వాత మూడో మనిషి రాయలేదు. తప్పించుకుందో, దొరికిపోయిందో, అసలు లేనే లేదో, ఎవరినడగాలి? మిగతా ఇద్దరూ ఏమీ జరగనట్టే రాస్తున్నారు. టికెట్టు ధర పెరిగిందట. పిన్ని చూపు బాగా తగ్గింది. యజమాని ప్రూఫులు వేరే ఆవిడకి అప్పగించి, పిన్నిని కాగితాలు మడిచే పనిలో పెట్టాడు.

ఒకరోజు పట్టలేక ఫోను లాక్కుని నంబరు బ్లాక్ చేయబోయాను.

"చేసేస్తే, రేపు ఆ పిల్ల రాయాలనుకుంటే ఎక్కడికి రాయాలే?" అంది పిన్ని.

నొక్కలేకపోయాను. ఆ పిల్ల ఉందని నేను నమ్మను. అయినా నొక్కలేకపోయాను.

అందుకని ఇప్పుడు రోజూ పని మధ్యలో పిన్ని పక్కన కూర్చుని, ఆ దొంగవెధవల ప్రేమంతా నా నోటితోనే చదివి వినిపిస్తున్నాను, బంగారంతో సహా. ఒక్క తప్పూ దిద్దకుండా ఉన్నదున్నట్టు చదవమంటుంది. దిద్దితే ఎవరు రాశారో తనకి తెలియదట.