ఆఫీసు పూలు

రెండు కుటుంబాల పెద్దలు, మూడు వందల మంది బంధువులు, ఒక వీడియో కెమెరా చూస్తుండగా ఒక పెద్దమనిషి తన పరువును బుట్టలో వేసి, ఐదేళ్ళ మనవరాలి చేతికిచ్చి, దారి పొడవునా చల్లించుకోవడం మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండకపోతే ఇది చదవండి. ఆ పెద్దమనిషిని నేనే. ఇది ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు అరవై మూడేళ్ళు. తెలిసీ తెలియని వయసు.

నేను డైరీ రాస్తాను. ఉద్యోగంలో చేరిన రోజు మొదలుపెట్టాను, ఇంతవరకు ఒక్క రోజు తప్పలేదు. మా పెళ్ళినాటి పేజీలో "ఉక్కగా ఉంది. పప్పులో ఉప్పు తక్కువ" అని మాత్రమే ఉంది. ఆ పేజీని నా భార్య రుక్మిణి ఇప్పటికీ క్షమించలేదు.

ముప్పై ఆరేళ్ళు అనంతపురంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. పది గంటలయ్యేసరికి నా కాళ్ళు ఏవో మెట్లు ఎక్కాలి. మా ఇంట్లో ఉన్నవి మిద్దె మెట్లే. కాబట్టి మిద్దె మీద పూలమొక్కలు పెట్టాను.

మా వీధిలో బోర్లకు ఎండాకాలం వస్తే నీళ్ళు రావు, దగ్గు వస్తుంది. అక్కడ మల్లె, గులాబీ పెంచడమంటే ఒంటెను చెరువులో పెంచడమే. నర్సరీ అతను నా ముఖం, మా పేట పేరు రెండూ చూసి గడ్డిరోజా మొక్క చేతిలో పెట్టాడు. నేలకు అంటుకుని పాకుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే బతుకుతుంది. కొమ్మ తుంచి మట్టిలో గుచ్చితే ఇంకో మొక్క. మూడేళ్ళలో ఒక్క తొట్టి నలభై ఎనిమిది తొట్లయింది.

ప్రతిరోజూ సరిగ్గా పదింటికి మిద్దె ఎక్కేవాణ్ణి, చూసేవాణ్ణి, రాసేవాణ్ణి. "ఉ. 10-00. గడ్డిరోజాలు అన్నీ విచ్చుకున్నవి. ఎరుపు, పసుపు, తెలుపు, నారింజ." పదకొండింటికి దిగేవాణ్ణి. మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం నడక. రుక్మిణికి మోకాళ్ళ నొప్పులు, మిద్దె ఎక్కదు. ఆ పూలను నేను తప్ప చూసినవి కాకులు మాత్రమే. వాటికి అసలు సంగతి తెలిసే ఉంటుంది. చెప్పలేదు.

మూడేళ్ళ పేజీలు తిరగేస్తే ఒకటే మాట, విచ్చుకున్నవి. అంటే ఈ పూవు ఎల్లవేళలా విచ్చుకునే ఉంటుందని నేను తీర్మానించాను. ఒకే సాక్షి ఒకే వేళకు వచ్చి వెయ్యిసార్లు చెప్పిన మాట అది అని నాకు తట్టలేదు.

ఇక పెళ్ళి సంగతి. నా తమ్ముడు నరసింహులుకు ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉంది. వాడి కూతురు శ్రావణికి పెళ్ళి కుదిరింది. ముందురోజు సాయంత్రం ఏడింటికి రిసెప్షన్, మరునాడు తెల్లవారుజామున ముహూర్తం. రిసెప్షన్‌లో వధూవరులు వేదిక దాకా నడిచి వచ్చేటప్పుడు ముందు ఒక చిన్నపిల్ల పూలు చల్లుకుంటూ నడవాలని శ్రావణి కోరిక. ఆ పిల్లను ఫ్లవర్ గర్ల్ అంటారట. ఆ ఉద్యోగం నా కూతురి కూతురు హాసినికి వచ్చింది. ఆర్డరు అందిన రోజు నుంచే హాసిని మా హాల్లో శనక్కాయ పొట్టు చల్లుకుంటూ సాధన మొదలుపెట్టింది. వెనకే రుక్మిణి చీపురుతో నడిచేది.

శ్రావణి పెళ్ళిపత్రిక ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. వచ్చిన వేళ పదిన్నర. నేను నేరుగా మిద్దె మీదికి తీసుకుపోయాను.

"పెద్దనాయనా, ఇన్ని రంగులా? ఈ ఎండలోనా?"

"ఎండే వాటికి తిండి. నీ పెండ్లికి ఇవే చల్లిస్తా. బెంగుళూరు రోజాలు ఏంటికి?"

"ఆ రోజుకు సరిగ్గా పూస్తాయా? నాకు ఆ నడకొక్కటే ఆశ పెద్దనాయనా. మిగతాదంతా మా నాయన ఇష్టమే."

"మూడేండ్ల డైరీ ఉండాది. ఒక్క దినం తప్పలేదు. కావల్లంటే చూపిస్తా."

ఆ పిల్ల డైరీ అడగలేదు. అక్కడే నిలబడి ఫోన్ చేసి, రోజా రేకుల ఆర్డరు రద్దు చేసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర రుక్మిణి మెల్లగా అంది.

"ఏమండీ, రిసెప్షన్ సాయంత్రం కదా. ఒకసారి సాయంత్రం పూట మిద్దెక్కి చూసి రాగూడదా?"

"ఏం చూడల్ల?"

"పూలు."

"పొద్దున ఉన్నవే కదా సాయంత్రం ఉండేది. అవి యాడికి పోతాయి?"

రుక్మిణి ఇంకో ముద్ద చారన్నం కలుపుకుంది. ఆమె ఇక మాట్లాడకపోతే నేను గెలిచినట్టని అప్పటికి ముప్పై ఐదేళ్ళుగా పొరబడుతున్నాను.

రిసెప్షన్ రోజు వచ్చింది. కోసిన గడ్డిరోజా గంటలో వాడిపోతుంది. కాబట్టి తొట్లతో సహా తీసుకుపోయి, ఆరున్నరకు కోసి బుట్ట నింపాలని నా ప్రణాళిక. చిన్న లారీ మాట్లాడాను. "మ. 12-10. తొట్లు 48. అన్నీ విచ్చుకున్నవి. బయలుదేరాము." పైన పట్టా కట్టించి, బాలింతను తీసుకుపోతున్నట్టు నడపమని డ్రైవరుకు చెప్పాను. మమ్మల్ని దాటిపోయిన వాటిలో ఒక ఎద్దులబండి కూడా ఉంది.

సాయంత్రం ఐదింటికి కల్యాణమంటపం ముందు నరసింహులును, ఫోటో తీసేవాళ్ళను పిలిచి, విగ్రహం మీద తెర తీసినట్టు పట్టా లాగాను.

తొట్లు ఉన్నాయి. ఆకులు ఉన్నాయి. పూలున్న చోట మాత్రం పిల్లలు చాక్లెట్ తిని మెలితిప్పి పడేసిన కాగితాల్లాంటివి ఉన్నాయి.

"ఏమన్నా, పూలు యాడ?" అన్నాడు నరసింహులు.

"ఇవే."

"ఇవి పూలా?"

"ప్రయాణం చేసినాయి కదా. అలిసినాయి."

"కూచోని వచ్చినవాటికి అలుపేందన్నా?"

నీళ్ళు చిలకరించాను. కదలలేదు. గాలాడలేదేమోనని వంటశాల నుంచి ఫ్యాను తెప్పించాను. కదలలేదు. వీటికి కావలసింది ఎండ అని జ్ఞాపకం వచ్చి, వీడియో అతని దీపం తెచ్చి పైన పట్టించాను. పురుగులు వచ్చాయి. పూలు రాలేదు.

"సన్నాయి వాయించమంటావా? లేస్తాయేమో," అన్నాడు నరసింహులు.

గేటు దగ్గర గంగమ్మ అనే ఆమె కూర్చుని, పెళ్ళికి వచ్చిన ఆడవాళ్ళకోసం మల్లెలు, కనకాంబరాలు కడుతోంది. గోల విని లేచి వచ్చింది. తొట్లు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇవి ఆఫీసు పూలు గదా సామీ."

"ఆఫీసు పూలేంది?"

"మా ఊర్లో అట్లే అంటారు. పదికి తెరుస్తాయి. మద్దేన్నం బువ్వకని పోతాయి, మళ్ళ ఆ దినం సీట్లో కనపడవు. ఇప్పుడు ఎవురొచ్చి పిల్చినా పలకవు. రేపు రమ్మంటాయి."

నరసింహులు నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూశాడు.

"ముప్పై ఆరేండ్లు ఆడనే పని చేసినావు. నీ వాళ్ళను నువ్వే గుర్తుపట్టలేకపోతివా అన్నా?"

అప్పటికి ఐదూ నలభై. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో ఊళ్ళో ఏ పూలంగడిలోనూ రోజా రేకు లేదు. గంగమ్మ కడుతున్న ప్రతి మూరా ఎవరో ఒకరి జడకు ముందే రాసిపెట్టి ఉంది. సగం అలంకరణలో శ్రావణి బయటికి వచ్చి, తొట్ల వైపు చూసింది.

"పెద్దనాయనా, డైరీలో సాయంత్రం ఏమని రాసినారు?"

"సాయంత్రం రాయలేదమ్మా."

ఆ పిల్ల పెదవి కొరుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. నన్ను నాలుగు తిట్టి ఉంటే డైరీలో రాసుకోవడానికైనా ఉండేది.

ఇంతలో పట్టులంగా వేసుకుని, బుట్ట పట్టుకుని హాసిని వచ్చింది.

"తాతా, బుట్టలో ఏమీ లేదు."

"పూలు నిద్రపోయినాయమ్మా."

హాసిని తొట్ల మధ్య కూర్చుని వాటిని పరిశీలించింది. మా వంశంలో పరిశీలన ఉంది.

"అయితే మెల్లగా చల్లుతాలే. లేయకుండా."

ఇంకో దారి లేక ఆ ముడుచుకున్నవే కోసి బుట్ట నింపాను.

ఏడింటికి వాయిద్యాలు మొదలయ్యాయి. హాసిని అన్న మాట నిలబెట్టుకుంది. చల్లలేదు. అడుగడుగునా వంగి, ఒక్కొక్క పూవును చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు నేలమీద పడుకోబెట్టింది. వెనక శ్రావణి, పెళ్ళికొడుకు అడుగు వేసి ఆగడం, అడుగు వేసి ఆగడం. నిమిషంలో అయ్యే నడక పదకొండు నిమిషాలు పట్టింది. సన్నాయి అతను ఎత్తుకున్న రాగం ముగించి మళ్ళీ మొదటికి వచ్చాడు. కుర్చీల్లో మాటలు బయలుదేరాయి.

"ఏం పెడతాండాదప్పా ఆ పాప?"

"పచ్చిమిరపకాయలు మాదిరుండాయి."

"దిష్టికేమోలే."

"గమ్మునుండండి. అది పెండ్లికొడుకోళ్ళ ఆచారమంట."

అటువైపు వాళ్ళేమో అది మా ఆచారం అనుకున్నారు. ఎవరి ఆచారాన్ని ఎవరు తప్పు పట్టగలరు? అందరూ భక్తిగా ఊరుకున్నారు. ఇద్దరు ముసలమ్మలు చెరొకటి తీసి కళ్ళకు అద్దుకున్నారు. నడక ముగిసి వధూవరులు వేదిక ఎక్కాక, పెళ్ళికొడుకు తల్లి వేదిక పక్కనున్న మా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఈ పద్ధతి మీలో పెద్దల కాలం నుంచి ఉండాదా?" అని నరసింహులును అడిగింది.

"లేదమ్మా. మా అన్నతోనే మొదలు."

"దీని అర్థమేమో?" అని ఆమె నా వైపు తిరిగింది.

"పెండ్లంటే ఇంకా విచ్చుకోని మొగ్గ అని," అన్నాను.

అవి మొగ్గలు కావు, మధ్యాహ్నమే పని చాలించిన పూలు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె తలాడించి, ఈ అర్థాన్ని తన చెల్లెలికి చెప్పడానికి పోయింది. వేదిక మీద నుంచి శ్రావణి ఇదంతా విన్నది. ముందు ముఖం పక్కకు తిప్పుకుంది. తరువాత పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, హాసినిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోటో తీయించుకుంది. ఆ పూట నా డైరీలో ఉన్నది ఒకే వాక్యం: "శ్రావణి నవ్వింది."

తెల్లవారుజామున ముహూర్తం అయింది. పూలు లేవలేదు. తొమ్మిదిన్నరకు అప్పగింతలు అయ్యాయి. పెళ్ళికూతురి కారు మలుపు తిరిగింది. పదింటికి నా కాళ్ళు అలవాటు ప్రకారం మెట్లు వెతుక్కుని మంటపం మెట్లు ఎక్కాయి.

వరండాలో నలభై ఎనిమిది తొట్లూ కొత్త మొగ్గలు విచ్చి విరగబూసి ఉన్నాయి. ఎరుపు, పసుపు, తెలుపు, నారింజ. హాసిని బుట్ట నిండా కోసుకుని, ఎవరూ లేని హాల్లో ఒంటరిగా చల్లుకుంటూ నడుస్తోంది. మంటపం ఊడ్చే ఆమె చీపురు ఆనించుకుని చూస్తోంది.

"ఎంత బాగుండాయి సామీ ఈ పూలు. ఈటిని నిన్న సాయంత్రం తెచ్చింటే ఏం పోతాండె? ఎవురో తలతిక్కాయన, ఎండిన మొగ్గలు తెచ్చి చల్లించినాడు. కాళ్ళకింద నలిగి ఒకటే జిగట. పొద్దన్నించీ గీకుతాండా. ఆయన ఎవురో నీకేమన్నా ఎరికేనా?"

"తెలియదమ్మా," అన్నాను.

కనుక యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇకమీదట ఏ సాక్షినీ రెండు పూటలా విచారించనిదే నేను నమ్మను. ఏ పెళ్ళిలోనూ ఏ పూవు తరఫునా హామీ ఇవ్వను. ఈ ప్రతిజ్ఞ ఆరేళ్ళుగా అమలులో ఉంది. సాయంత్రం ఏడింటికి కూడా టార్చిలైటు పట్టుకుని మిద్దె ఎక్కుతున్నాను. నిన్నటి పేజీ ఇలా ఉంది:

"ఉ. 10-00. అన్నీ విచ్చుకున్నవి. సా. 7-00. ఎవరూ సీట్లో లేరు."