ఒక్కసారే అడిగిన పాపానికి

ఆ రోజుల్లో మా మండపేటలో ఎవరైనా విదేశం వెళుతున్నారంటే వీధి వీధంతా వచ్చి చూసి పోయేది. అలా నన్నూ చూసి పోయారు. నేను ఎక్కబోయేది విమానం కాదు, రాజమండ్రి స్టేషన్లో కలకత్తా బండి. జేబులో ఉన్నది పాస్‌పోర్టు కాదు, ఓటరు కార్డు. (భూటాన్ వెళ్ళడానికి మనవాళ్ళకి అది చాలు. ఈ సంగతి వీధిలో ఎవరికీ చెప్పొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.) ఎదురింటి పిన్నిగారు సెంటు సీసా తెమ్మంది. హిమాలయాల్లో సెంటు ఎవరు కాస్తారో అడగకుండా, తప్పకుండా తెస్తానండి అని గంభీరంగా తలూపాను.

అప్పుడు నేను బియ్యం మిల్లులకి మిషన్లు చేసే ఒక వర్క్‌షాపులో కొత్తగా చేరి ఉన్నాను. పారో లోయలో ఒక ఊరి పెద్ద వడ్లు ఆడించే చిన్న మిషను కోసం చూస్తున్నాడని మా ప్రొప్రయిటరు గారికి కబురొచ్చింది. ఆయన నన్ను పిలిచి, ఆర్డరు తెస్తే ఉద్యోగం ఖాయమని, తేకపోతే మీ నాన్నగారి ఎరువుల కొట్టు ఎలాగూ ఉంది కదా అని చల్లగా చెప్పారు. యూరియా బస్తా విప్పితే నాకు సాయంత్రం దాకా తుమ్ములే. అందుకని ఆ ఆర్డరు మీదే నా ప్రాణాలన్నీ పెట్టుకున్నాను.

పెద్దదిక్కుగా ప్రొప్రయిటరు గారి బావగారు నాతో బయల్దేరారు. ఊళ్ళో ఎవరింట పెళ్ళి జరిగినా వడ్డన ఆయనదే. వద్దు అనే మాట ఆయన చెవికి ఎక్కేది కాదు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడితే, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేవారు. అలాంటి మనిషి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని తీసుకెళ్ళినట్టు తీసుకొస్తున్నారు. నాకు భయం పట్టుకుంది. మర్యాదల మీద ఏదో పుస్తకం సగం చదివి ఉన్నానేమో, దారి పొడుగునా ఆయనకి పాఠం చెప్పాను. బావగారూ, విదేశంలో మన వడ్డన పనికిరాదండి, ఒకసారి వద్దంటే వద్దనే, మళ్ళీ అడిగితే మోటువాళ్ళం అనుకుంటారు అని.

ఆయన డబ్బాని ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుని, దిగులుగా అడిగారు. "మరి వాళ్ళకి ఆకలేస్తే ఎలా తెలుస్తుందిరా అబ్బాయ్?"

సరిహద్దు దాటి, జీపులో కొండలెక్కి, పారో చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇళ్ళ కప్పుల మీద ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అది చూసి బావగారి ప్రాణం లేచొచ్చింది. ఊరి పెద్ద మోకాళ్ళ దాకా ఉండే అంగీ నడుముకి బిగించి కట్టుకుని, నవ్వుతూ ఎదురొచ్చాడు. నిచ్చెనలాంటి మెట్లెక్కించి పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. వాళ్ళ ఆవిడ టీ పోసింది. ఉప్పు వేసి వెన్న కరిగించిన టీ. ఒక గుటక వేసి బావగారు కప్పు కింద పెట్టేశారు, మళ్ళీ ముట్టుకోలేదు. నేను ఆయన్ని గుడ్లురిమి చూశాను. ఇచ్చింది మిగిలిస్తే ఇచ్చినవాళ్ళని చిన్నబుచ్చినట్టే అని మా ఇంట్లో నేర్పారు. అందుకని కషాయం తాగినట్టు కళ్ళు మూసుకుని మొత్తం తాగేశాను. కళ్ళు తెరిచేసరికి కప్పు నిండా ఉంది. మళ్ళీ తాగాను. మళ్ళీ నిండింది. నేను ఎంత త్వరగా ముగిద్దామనుకుంటే ఆవిడ అంత సంబరంగా పోస్తోంది. ఎన్నో కప్పో లెక్క తప్పింది. కడుపులో కాలవ గట్లు తెగడానికి సిద్ధంగా ఉన్నాయి.

ఆ స్థితిలో ఉండగా బావగారు పూతరేకుల డబ్బా మూత తీసి, నేను నేర్పినట్టే బుద్ధిగా ఒక్కసారి ముందుకి చాపారు. ఊరి పెద్ద, ఆవిడ ఇద్దరూ అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని "మేషు, మేషు" అన్నారు. అర్థం తెలియకపోయినా వద్దంటున్నారని తెలుస్తూనే ఉంది. అలవాటు కొద్దీ బావగారి చెయ్యి రెండోసారి లేచింది. నేను వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగాను. ఆయన ఉసూరుమంటూ మూత పెట్టేశారు. గది చప్పబడిపోయింది. నాకొచ్చిన హిందీలో మిషను సంగతి ఎత్తితే, తరవాత చూద్దామని హిందీలోనే అన్నాడు ఊరి పెద్ద. మండపేటలో తరవాత చూద్దామంటే అర్థమేమిటో నాకు బాగా తెలుసు. అక్కడికక్కడే ముక్కులో యూరియా వాసన కొట్టింది.

కిందికి దిగాక, అంతసేపూ పైన గుమ్మం దగ్గర కూర్చుని అంతా చూసిన మా జీపు డ్రైవరు హిందీలో నన్ను నిలదీశాడు. మిఠాయి చూపించి వెనక్కి ఎందుకు దాచుకున్నారని. ఈ దేశంలో పెట్టగానే తీసుకోవడం మర్యాద కాదట. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వద్దనాలట, పెట్టేవాళ్ళు బతిమాలాలట, అప్పుడు తీసుకోవాలట. ఇక టీ అంటావా, కప్పు ఖాళీ చేస్తే ఇంకా కావాలని అర్థం, చాలనుకుంటే నిండుగా వదిలేయాలి అన్నాడు. నేను తడబడుతూ దాన్ని తెలుగులో చెప్పాను.

బావగారు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పంచె పైకి కట్టి, "మన దేశమేరా ఇది" అని ఆ నిచ్చెన మెట్లు ఒక్క ఊపున ఎక్కేశారు.

ఆ తరవాత జరిగింది మాటల్లో చెప్పలేను. వాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోగానే, విస్తరికి అడ్డం పెట్టిన చేతుల్ని జన్మంతా జయించిన మనిషి విజృంభించారు. "అబ్బే, అలా అంటే ఎలాగండీ, ఒక్కటి, నా మాట కాదనకండి, ఇంత దూరం మోసుకొచ్చానండి" అంటూ అచ్చ తెలుగులోనే బతిమాలారు. వాళ్ళు వాళ్ళ భాషలో వద్దన్నారు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, అందరికీ అంతా అర్థమైంది. చివరికి పుచ్చుకున్నారు. కాకపోతే ఆవిడ, పైనున్నది కాగితం అనుకుని, పొరలు పొరలుగా విప్పుతూ లోపల మిఠాయి కోసం వెతికింది. పంచదార అంతా ఒళ్ళో పడింది. బావగారు మరొకటి తీసి, తను కొరికి చూపించి, ఆవిడ చేతిలో ఇంకోటి పెట్టారు. ఆవిడ కొరికి, కళ్ళు పెద్దవి చేసి, పగలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఊరి పెద్ద నా వైపు తిరిగి, మిషను ఎప్పుడు పంపిస్తారని హిందీలో అడిగాడు. నా ఉద్యోగం నిలబడింది. ఆ ఆనందంలో ఎదురుగా ఉన్న కప్పు ఎత్తి గటగటా తాగేశాను. (బుద్ధి రాలేదు. ఆవిడ మళ్ళీ పోసింది.)

ఎదురింటి పిన్నిగారికి సెంటు మాత్రం తిరుగుదారిలో, సరిహద్దు ఇవతల సిలిగురిలో కొన్నాను.

బావగారు ఇప్పుడు లేరు. ఆయన పోయాక నేను కడుపు పగిలేలా తిన్న పెళ్ళిభోజనం లేదు. ఎవరింటికైనా వెళితే, కాఫీ తీసుకుంటారా అండీ అని అడుగుతారు. అబ్బే, ఇప్పుడెందుకండీ అంటాను. సరేనండి అని వాళ్ళు టీవీ వైపు తిరుగుతారు, నేను నేర్పిన పాఠం లోకమంతా నేర్చుకున్నట్టు. తప్పు వాళ్ళది కాదు. నేనే ఇంకాసేపు కూర్చుని, ఏదో ఒక కబురు సాగదీస్తూ, రెండోసారి అడుగుతారేమోనని వంటింటి వైపు చూస్తుంటాను.