గడ్డి ఇంట్ల ఆఖరి పడుగు

"వచ్చి మీ అన్నకు నువ్వన్న చెప్పు, నాతోని అయితలేదు" అని మా వదినె ఫోన్ల అన్నది. లక్సెట్టిపేట దగ్గరి మా ఊర్ల, తాత కట్టిన గడ్డి ఇంట్ల మా అన్న ఇంకా మగ్గం నేస్తడు. సర్కారు పక్కా ఇల్లు మంజూరు చేసింది. పాతది తీస్తెనే ఆ జాగల పునాది పడుతది. అన్నేమో "మగ్గం మీది పడుగు అయిపోనీ, ఎక్కిచ్చిన పోగు నేసెయ్యనీ" అనుకుంట రెండు వానకాలాలు దాటిచ్చిండు. ఈసారి గూడ పని మొదలువెట్టకుంటె మంజూరు పోతదట. నిజం చెప్పాల్నంటె నేను బయలెల్లింది వదినె కోసం కాదు. ఇల్లు పోకముందు కండ్లార చూసుకోవాలె, వీలైతె కూలగొట్టుడు ఆపాలె అని మనసుల పెట్టుకోని పోయిన.

పొద్దుగాల ఆరున్నరకు కరీంనగర్ బస్టాండ్ల జగిత్యాల బస్సెక్కిన. ఆధార్ కార్డు చూపిస్తె జీరో టికెట్ చేతుల పెట్టింది కండక్టరమ్మ. కూసోను జాగ దొరుకుడే కష్టం. మంగళవారమాయె, కొండగట్టు అంజన్న దగ్గరికి పోయేటోళ్ళతోని బస్సు కిక్కిరిసింది. నా పక్కన కొబ్బరికాయల సంచి ఒళ్ళె పెట్టుకున్న పెద్దమ్మ "ఎటు పోతున్నవ్ బిడ్డా" అని అడిగింది. మా గడ్డి ఇల్లు చూడవోతున్ననని చెప్పిన.

"గడ్డి ఇల్లా? సల్లగ ఉంటది గని, సూర్ల నుంచి తేళ్ళు పడుతయి. దూరం నుంచి చూసి మురువు" అని నవ్వింది. నాకు జర కోపమొచ్చింది.

జగిత్యాలల ఇడ్లీ తిని చాయ తాగి, ధర్మపురి మీదికెల్లి పోయే బస్సు పట్టిన. ఈ తొవ్వల పోయేటోళ్ళు జగిత్యాలల్నే తినుండ్రి, ముందట బస్సు ఎక్కువసేపు ఆగది. రాయపట్నం వంతెన మీద గోదారి కనవడ్డది. నీళ్ళు తక్కువున్నయి, ఇసుకల ఎవలో బర్లను తోలుతున్నరు. లక్సెట్టిపేటల దిగేటాలకు పదకొండు కావస్తుంది. అక్కడికెల్లి షేరు ఆటోల ఊరు.

ఇల్లు అట్లనే ఉంది. తల వంచందే లోపలికి పోరాదు, సూరు అంత కిందికి ఉంటది. మట్టి గోడలు మూరెడు మందం. నడుమ నిట్టాడు, ఇంటి బరువంత మోసే మద్ది కట్టె. బయట అంత ఎండల ఉండి లోపల అడుగువెట్టంగనే ఒళ్ళు సల్లవడ్డది. దర్వాజ పక్కన కిటికీ మోకాలెత్తుల ఉంటది. కొత్తోళ్ళు దాన్ని చూసి నవ్వుతరు. మగ్గం గుంతల కాళ్ళు వెట్టి నేల మీద కూసుండేటోనికి, వెలుతురు సక్కగ బట్ట మీద పడాల్నని తాత అట్ల పెట్టిచ్చిండు. గడ్డి కప్పుకు, మట్టి నేలకు ఇంట్ల తేమ నిలుస్తది, పోగు తెగది. రేకుల కింద గా పోగే పటపట తెగుతది. మా తాత ముందుగాల మగ్గానికి ఇల్లు కట్టిండు, అండ్లనే మేము బతికినం.

చిన్నప్పుడు మిరుగు కార్తె వానలకు ముందు వాడకట్టోళ్ళంత వచ్చి బోదగడ్డి కప్పేటోళ్ళు. మీదికెల్లి బాపు కట్టె దబ్బనం గుచ్చితె, లోపల నిచ్చెన మీద నిలవడి అందుకోని, తాడు మలిపి మళ్ళ మీదికి పొడిచేది నేను. కండ్లల్ల దుమ్ము పడేది. అయినా ఆ పని ఇంకొకలకు ఇయ్యకపోయేదాన్ని.

అన్న నేసుకుంటనే నన్ను చూసి "ఎప్పుడొచ్చినవ్ చెల్లే" అన్నడు. మగ్గం మీద తువ్వాల పడుగు ఇంక నాలుగైదు జానలే ఉన్నది. గని మూలకు చూస్తె కొత్త పడుగు చుట్ట తయారుగున్నది, పక్కన చిప్పల బూడిద. నాకు సమజైంది. పాత పడుగు అయిపోవస్తుంటె, దాని కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటి కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకోని పురిపెడుతరు. గట్ల అతికితె మగ్గం ఎన్నడు ఖాళీ కాదు. వదినెతోని "అయిపోనీ" అనుకుంట, వెనుకకెల్లి కొత్తది అతుకుతున్నడన్న మాట.

"తాత ఎక్కిచ్చిన పడుగే చెల్లే ఇది. బాపు అతికిండు, నేను అతుకుతున్న. ఇల్లు తీస్తె దీన్ని కొయ్యాలె. కోస్తె మళ్ళ ఎక్కడ ఎక్కియ్యాలె?"

నా మనసుల మాటనే ఆయన అన్నడు. ఇల్లు ఉండనియ్యిమని వదినెకు చెబుదామనుకున్న.

సాయంత్రం నాలుగింటికి వాన దంచి కొట్టింది. గడ్డి కుళ్ళిపోయింది, కప్పేటోళ్ళు ఇప్పుడు ఊర్ల లేరు. ఇల్లు నాలుగు దిక్కుల కురిసింది. వదినె లేచి, ఉన్న ఒక్క ప్లాస్టిక్ పట్టా తీసి ముందుగాల మగ్గం మీద కప్పింది. తర్వాత బియ్యం మూట జరిపింది. పక్కబట్టలు తడిసినంక గని వాటి దిక్కు చూడలే. తడిసిన కొంగుతోని గోడకు ఆనుకోని దగ్గుకుంట కూసున్నది. నాకు సిగ్గనిపించింది. పండుగ పూట వచ్చి పోయేదాన్ని, ఈ ఇంట్ల ఉండుమని ఆమెకు చెప్పనీకి నేనెవల్ని?

"అన్నా, గా కొత్తది అతకకు" అన్న. అన్న లేచి బూడిద చిప్ప తీస్కపోయి బయట పారవోసిండు.

తెల్లారి మిగిలిన పడుగు నేసిండు. మా నేతోళ్ళల్ల మగ్గం మీది ఆఖరి బట్ట కోసుడు ఇంటి ఆడబిడ్డ చెయ్యాలె. కత్తెర నా చేతికిచ్చిండు. కోసిన. మిగిలిన పడుగు కొసలు జారకుంట ముడేసి, పంచెల చుట్టి సందుగుల పెట్టిండు అన్న. కూలోళ్ళు వచ్చి కప్పు మీది గడ్డి గుంజుతుంటె చూడలేక పన్నెండింటికి ఆటో ఎక్కిన.

ధర్మపురి దాటినంక ఫోన్ మోగింది, అన్న.

"గోడలు తీసిండ్రు చెల్లే. జేసీబీ పిలగాడు మగ్గం గుంత పూడుస్తనంటె మీ వదినె పోయి ఆ గుంతల దిగి నిలవడ్డది. కొత్తింట్ల గూడ గీడనే మగ్గం అంటున్నది. కిటికీ మోకాలెత్తుకే పెట్టాల్నని మేస్త్రితోని కొట్లాడుతుంది."

జేసీబీ చప్పుడు దూరమైంది, అన్న పక్కకు వచ్చినట్టున్నడు.

"నేను అడుగలే చెల్లే. నేను అసలు అడుగనే లేదు."

ఇన్నేండ్లు ఆ ఇల్లు మాదే అనుకున్న, మా తాతది, మా బాపుది, మాది. కొండగట్టు వచ్చేదాక కొంగు మొఖానికి అడ్డంపెట్టుకోని ఏడ్చిన.