రొయ్యల గుంట గట్టున నాలుగు డీ

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ఉన్న దిక్కులు చాలవు. ఆ రోజుల్లో నాకైతే అస్సలు చాలేవి కావు. పొడవు, వెడల్పు, ఎత్తు అని దేవుడిచ్చిన మూడింటితో లోకమంతా సర్దుకుపోతుంటే, నెల్లూరులో బీటెక్ ముగించుకుని విడవలూరు అవతల సముద్రం పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చిన నేను మాత్రం నాలుగోది కూడా కావాలన్నాను. నాలుగు డైమెన్షన్ల వీడియో గేమ్ తయారు చేస్తానని ఇంట్లో ప్రకటించాను. అలాంటి ఆట అసలు సాధ్యమా అని నన్నెవరూ అడగలేదు. (అడిగుంటే బాగుండేది. నాకూ తెలియదు కాబట్టి కలిసి ఆలోచించేవాళ్ళం.) మా అమ్మ మాత్రం నా వంక జాలిగా చూసి, "నెల్లూరు ఎగ్జిబిషన్లో పన్నెండు డీ చూసొచ్చినాం గదా పాపా. కుర్చీ ఊపినాడు, మొహాన నీళ్ళు కూడా చల్లినాడు. ఇంత చదివి నువ్వు నాలుగు దగ్గరే ఆగిపోతే ఎట్లా?" అంది.

నా తొందరకి కారణముంది. చెన్నైలో ఆటలు తయారు చేసే చిన్న కంపెనీ ఒకటి, సొంతంగా చేసిన ఆట పట్టుకుని వస్తే ఉద్యోగం సంగతి చూస్తామంది. ఈలోగా మా మేనమామ (రొయ్యల మేత అమ్ముతాడు కాబట్టి ఊరందరికీ మేత మామే) తడ దగ్గర ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో నాకోసం మాట్లాడి పెట్టాడు. పొద్దున పోయి సాయంత్రం దాకా కూర్చుని, బయటికి పోయే సరుకు వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించాలి. తలుచుకుంటేనే నాకు నిద్ర ముంచుకొచ్చేది. తీర్పు చెప్పాల్సింది నాయన. ఆయన రొయ్యల రైతు. మా ఇళ్ళలో గడువులు క్యాలెండర్ చూసి పెట్టరు, గుంట చూసి పెడతారు. పెళ్ళిచూపులైనా, పన్ను పీకించుకోవడమైనా, పెరిగిన రొయ్యల్ని పట్టి అమ్మే పట్టుబడికి ముందా తర్వాతా అన్నదే మాట. "గుంటలో రొయ్యపిల్లల్ని నిన్ననే వదిలినాం. పట్టుబడి లోపల నీ ఆట నాకు చూపించు. బాగుంటే మద్రాసుకి పో, లేదంటే మామ చెప్పిన దాంట్లో చేరిపో" అన్నాడు నాయన. అలా ఆ పంట రొయ్యలకీ నాకూ పందెం మొదలైంది.

నాలుగో డైమెన్షన్ అంటే ఏమిటో ముందు అమ్మకి అర్థమయ్యేలా చెప్పాలనుకుని, ఒకరోజు వంటింట్లో ఉడికిన గుడ్డు తీసుకుని ముక్కలు ముక్కలుగా కోశాను. "చూడమ్మా, ఈ కత్తి అంచు మీదే కాపురముండే చీమ ఒకటుందనుకో. దానికి గుడ్డంటే ఏందో తెలవదు. ముందు చిన్న చక్రం కనపడుతుంది, తర్వాత పెద్ద చక్రం, మళ్ళీ చిన్నది, తర్వాత ఏమీ ఉండదు. అట్లనే నాలుగో వైపు నించి ఒక బంతి మన హాల్లోకి వస్తే, మనకి ఏమీ లేని చోట చిన్న బంతి పుట్టి, పెద్దదై, చిన్నదై, మాయమైపోతుంది" అన్నాను. అమ్మ చాలా శ్రద్ధగా విని, "సరే, ఆ గుడ్డు తిను, చల్లారిపోతుంది" అంది. ఆ ఆదివారం ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో మాత్రం, బిడ్డ తలపెట్టిన నాలుగు డీ కార్యాన్ని సఫలం చెయ్యమని అందరిచేతా మోకరించి ప్రార్థన చేయించింది. ప్రార్థనయ్యాక పాస్టరమ్మగారు నన్ను పక్కకి పిలిచి, "ఇది ఉద్యోగమా, సంబంధమా తల్లీ?" అని మెల్లిగా అడిగారు.

గుంట గట్టు మీదున్న మోటారు షెడ్డే నా ఆఫీసు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల కోసం అక్కడ కరెంటు పోకుండా జనరేటర్ ఉండేది. (ఇంట్లో మనుషులకి లేని ఆ వసతి రొయ్యలకి ఉండేది.) అవి నీళ్ళ కింద బలుస్తున్నాయి, నేను గట్టు మీద చిక్కిపోతున్నాను. రొయ్యలు వేలెడయ్యేసరికి నా ఆటలో ఒక గది నిలబడింది, తలుపుల్లేని గది. ఆడేవాడు ఒక మీట నొక్కి నాలుగో వైపుకి అడుగేస్తే అక్కడ గోడలుండవు. గోడ ఉండాల్సిన చోటు దాటి, ఇంకో మీట నొక్కి వెనక్కి జరిగితే గది బయట తేలతాడు, ఎదురుగా అతని ఇల్లు కనిపిస్తుంది, అక్కడికి చేరితే గెలిచినట్టు. లెక్క ప్రకారం నాలుగు డైమెన్షన్లు కంప్యూటర్‌కి కష్టమేమీ కాదు, ఒక అంకె ఎక్కువ గుర్తుపెట్టుకుంటుంది, అంతే. కష్టమంతా మన కంటికే. అది ఎప్పుడు చూసినా ఒక ముక్కనే చూడగలదు. ఈ సంగతి కనిపెట్టిన రోజు గట్టు మీద గంతులేశాను. మా కాపలా కుక్క మాత్రం నాకేమైందోనని ఊరివైపు పరిగెత్తింది.

పట్టుబడికి ముందు రోజు మధ్యాహ్నం, లాప్‌టాప్‌ని హాల్లో టీవీకి తగిలించాను. నాయన, అమ్మ, మేత మామ వరసగా కూర్చున్నారు. తెర మీద ఎర్రటి చుక్క పుట్టింది, బంతయింది, పెద్దదైంది, మెల్లిగా చిక్కి మాయమైంది. పక్కనే ఇంకొకటి, దాని వెనక మరొకటి. నేను చప్పట్ల కోసం చూస్తున్నాను.

"మేత ఆపినావా?" అన్నాడు నాయన.

"అవి రొయ్యలు కాదు నాయనా."

"ఏమన్నా కానీ. సైజు బాగానే వచ్చినాయి, ఉన్నట్టుండి చిక్కిపోతుండాయి. గుంట అడుగు చెడినట్టుండాది."

"ఏరేటర్ ఇంకోటి తిప్పు పాపా" అన్నాడు మేత మామ సాయంగా.

అవి చావలేదని, మనకి కనపడని వైపుకి జరిగాయని, అంతకుమించి ఏమీ కాలేదని ఏడుపొక్కటే తక్కువగా చెప్పాను.  నాయన గొంతు తగ్గించి, "పోయిన పంటకి మన సముద్రం పక్క గుంటలో సగం సరుకు కనపడలా. చచ్చినవీ తేలలా. అవి గూడా ఈ వైపుకే పోయుంటాయా?" అన్నాడు. మేత మామ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు. "నేను అప్పట్నించీ అదే గదా బావా మొత్తుకుంటుండేది, నా మేతలో తప్పు లేదని" అన్నాడు. నాలుగో డైమెన్షన్‌కి మా జిల్లాలో దొరికిన మొదటి భక్తుడు ఆయనే.

నాయన లాప్‌టాప్ ముందుకి జరిగాడు. ఏ మీట ఎందుకో అడిగి తెలుసుకున్నాడు. నాలుగో వైపుకి అడుగేశాడు, గోడలు పోయాయి. "రవ్వంత ముందుకి పోయి చూస్తా" అన్నాడు. ఇంకో రవ్వంత పోయాడు. వెనక్కి వచ్చేసరికి అది ఆయన బయల్దేరిన గదీ కాదు, దాని బయటున్న ఇల్లూ కాదు, నాకూ తెలియని చోటు. పోవడానికీ రావడానికీ మీటలు పెట్టానుగానీ, ఎంత దూరం పోయామో చెప్పే గుర్తేదీ పెట్టలేదని నాకు అప్పుడు తట్టింది. సాయంత్రం మేత చల్లే వేళయింది. తుపానులో కూడా ఆ వేళ తప్పని మనిషి తల తిప్పకుండా, "నువ్వు పోయి చల్లిరా బామ్మర్దీ" అన్నాడు. జీవితమంతా మేత అమ్మడమేగానీ ఏనాడూ చల్లి ఎరగని మామ, తెప్ప మీద ఏం విన్యాసాలు చేశాడోగానీ, నడుం దాకా తడిసి తిరిగొచ్చాడు. వస్తూనే, "బావా, తడ నించి ఫోనొచ్చింది. పాప చేరుతుందా లేదా ఇప్పుడే చెప్పాలంట" అన్నాడు.

నేను నాయన వంక చూశాను. నాయన కళ్ళు తెర మీదే ఉన్నాయి.

"ఉండు బామ్మర్దీ. నేనింకా ఇంటికి రాలేదు."

ముందు అమ్మ నవ్వింది, తర్వాత మామ, ఆఖరికి నేను. నాయన నవ్వలేదు. "తడ వాళ్ళకి రాదని చెప్పు. పాప మద్రాసుకి పోతుంది. పోయేముందు నన్ను ఈడ్నించి బయటికి తియ్యమను" అన్నాడు. ఆ మాటతో నాకు కలిగిన సంతోషం ఏ డైమెన్షన్లోనూ పట్టేది కాదు. పక్కన కూర్చుని ఇటు పో, అటు పో అని దారి చూపించాను. అన్నాలవేళ దాకా ఇద్దరం తిరిగాంగానీ ఇల్లు దొరకలేదు.

చెన్నై కంపెనీవాళ్ళు కూడా కాసేపు తప్పిపోయి, నవ్వుకుని, నన్ను తీసుకున్నారు. ఇప్పుడు నేను చేసేవి పండ్లు వరసలో పెడితే టప్పున పగిలే ఆటలు. వాటికి రెండు డైమెన్షన్లే ఎక్కువ. వాటిలో ఎవరూ తప్పిపోరు, తప్పిపోకుండా చూడటమే నా పని. దారి తనకే తెలియకపోయినా "ఇటే నాయనా, ఇంకొంచెం పో" అని కన్నతండ్రికి అంత గట్టిగా చెప్పిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ ధైర్యం ఇప్పుడు నాకు లేదు, ఉంటే బాగుండుననిపిస్తుంది.