ఫిరంగి గుండ్ల గూళ్ళు

తొంభైల మొదట్లో నేను అరబ్బు దేశంలో, అల్ ఖువైర్‌లోని ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి, ఆరేళ్ళ అనుభవం సంపాదించాను. ఆ అనుభవమంతా విల్లాల బాత్రూముల నుంచి మురుగు గొట్టాలు ఎటు పోవాలో గీయడంలోనే వచ్చింది. ఒకరోజు మేనేజరు పిలిచి, ఖబూరా దగ్గర పాత మట్టికోటను బాగుచేసే పని మన కంపెనీకి వచ్చిందనీ, కొలతలు నన్నే తీయమనీ అన్నాడు.

"నాకు కోటల గురించి ఏమీ తెలీదు సార్."

"ఇండియా నుంచి వచ్చావుగా. మీ దగ్గర అన్నీ పాతవేగా" అన్నాడు. ఆయనది బొంబాయి.

కోట పెద్దదేం కాదు. ఖర్జూరం తోటల నడుమ నాలుగు గోడలు, ఒక బురుజు, మధ్యలో ముంగిలి. సగం గోడ ఎప్పుడో కరిగి కూలిపోయింది. కొలతలకు మాతోపాటు యూరప్ నుంచి పిలిపించిన నిపుణుడొకాయన వచ్చాడు. ముంగిట్లో ఒక గోడ అడుగున, మోకాలెత్తున, వంపు తిరిగిన మూడు చిన్న గూళ్ళున్నాయి. ఆయన వాటి ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. చెయ్యి లోపలికి పెట్టి లోతు కొలిచాడు. తర్వాత లేచి మోకాళ్ళు దులుపుకుంటూ, "ఫిరంగి గుండ్లు దాచే చోటు" అన్నాడు.

ఆ కోటలో ఫిరంగి పెట్టే జాగా ఎక్కడుందో నాకు కనిపించలేదు. అయినా అడగలేదు. డ్రాయింగు మీద అదే మాట రాసి, బాణం గుర్తు వేశాను. నా దస్తూరీ ముచ్చటగా ఉందని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. డ్రాయింగు పై ఆఫీసుకు వెళ్ళి, నాలుగు ముద్రలు వేయించుకుని తిరిగొచ్చింది.

పని మొదలైంది. మేస్త్రీది జగిత్యాల దగ్గర పల్లె, నాకంటే పదేళ్ళు పెద్ద. సిమెంటు ముట్టుకోవద్దని నిపుణుడు షరతు పెట్టాడు. మట్టిని కాల్చి చేసే సారూజ్ అనే పాతకాలపు గచ్చుతోనే అంతా కట్టాలి. మేస్త్రీ ఆ గచ్చు కలపడం వారంలో నేర్చుకున్నాడు. నిపుణుడు దాని గురించి ఏడాదిపాటు నివేదిక రాశాడు.

గూళ్ళలో పేరుకున్న మట్టి తోడే రోజు మేస్త్రీ నన్ను పిలిచాడు. అతని అరచేతిలో గట్టిపడిన రెట్ట, రెండు ఈకలు ఉన్నాయి.

"గివి కోళ్ల గూళ్లు సారూ."

"ఫిరంగి గుండ్లవి మేస్త్రీ. డ్రాయింగులో ఉంది చూడండి."

"గుండ్లు గాదు సారూ, గుడ్లు. మీరు రాసేటప్పుడు ఒక సున్నా ఎక్కువ వడ్డట్టుంది."

నాకు నవ్వు రాలేదు. ఇద్దరం పక్క తోటలో ఉండే ముసలాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన ఒకప్పుడు ఆ కోటకు కాపలాదారు. భార్యతో సహా అందులోనే కాపురమున్నాడు. వయసులో ఉండగా పడవల మీద బొంబాయి తిరిగినవాడు కనుక హిందీ బాగా వచ్చు. గూళ్ళ మాట ఎత్తగానే నవ్వాడు.

"నా భార్య కట్టింది. నక్కలు కోళ్ళను బతకనిచ్చేవి కావు. మళ్ళీ కడుతున్నారటగా, ఈసారి నోరు కాస్త పెద్దదిగా పెట్టమను."

మర్నాడు ఆఫీసులో ఈ సంగతి చెప్పాను. నిపుణుడు ఓపిగ్గా విన్నాడు. ఊరివాళ్ళ మాటలు ఆధారాలు కావన్నాడు. గుండ్లు పోయాక కోళ్ళు చేరి ఉంటాయన్నాడు. ఆయన వెళ్ళాక మేనేజరు తలుపు వేశాడు.

"నాలుగు ముద్రలు పడ్డాయి. కోళ్ళ కోసం మళ్ళీ నాలుగు ముద్రలు వేయించమంటావా?"

వద్దన్నాను. నా వీసా ఆ కంపెనీది. సిరాతో వేసిన బాణం గుర్తును గీకి చెరపడానికి ఒక బ్లేడు చాలు. బ్లేడు నా బల్లమీదే ఉంది. నేను దాంతో పెన్సిలు చెక్కుకున్నాను.

తర్వాత నిపుణుడికి ఇంకో ఆలోచన వచ్చింది. చూడ్డానికి వచ్చేవాళ్ళకు గూళ్ళు ఖాళీగా ఉంటే అర్థం కాదట, గుండ్లు కూడా పెట్టాలట. నిజం గుండ్లు ఎక్కడా దొరకలేదు. మేస్త్రీ ఖబూరాలో పిల్లలాడుకునే ప్లాస్టిక్ బంతి కొని, రెండుగా కోసి, దాన్నే అచ్చుగా వాడి డజను గుండ్లు పోశాడు. పైన నల్లరంగు వేశాడు.

"సిమెంటు ముట్టద్దన్నరు గద సారూ?" అన్నాడు రంగు ఆరుతుండగా.

"గుండ్లకు ఫరవాలేదట."

"అగో, మరి కోళ్లకంటె గుండ్లే పాతయన్నరు గద" అన్నాడు.

ప్రారంభోత్సవం రోజున మేస్త్రీనీ కూలీలనూ రూమ్‌లోనే ఉండమన్నారు. వాళ్ళ పేర్లు పాసుల జాబితాలో లేవు. మట్టిని తాకని నాకు పాసు వచ్చింది. ముసలాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ ఉపన్యాసాలేవీ వినలేదు. తిన్నగా గూళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఒక గుండును పక్కకు దొర్లించి, లోపలికి మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసింది. భర్తతో ఏదో అంది.

"బాగా కట్టారంటోంది" అని ఆయన నాకు చెప్పాడు. "కోళ్ళను ఎప్పుడు తెచ్చుకోవచ్చని అడుగుతోంది."

అంతలో యూనిఫాంలో ఉన్న కొత్త గార్డు వచ్చి, వాళ్ళిద్దరినీ తాడు అవతలికి వెళ్ళి నిలబడమన్నాడు. ఆవిడ చేతికంటిన నల్లరంగును చూసుకుంటూ లేచి, తాను కాపురం చేసిన ముంగిలి దాటి, తాడు అవతల నిలబడింది. నేను ఇవతలే ఉండిపోయాను. నిపుణుడు మైకులో ఫిరంగుల గురించి చెబుతున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ తర్వాత ఆఫీసులో పాత కట్టడాలు తెలిసినవాడన్న పేరు నాకు స్థిరపడింది. మేస్త్రీని ఏదో విల్లాలో టైల్స్ పనికి మార్చారు. లోపలి ఊళ్ళలో ఒక బురుజు పని వచ్చినప్పుడు అతణ్ణి ఇవ్వమని అడిగాను, ఇవ్వలేదు. అక్కడికి బయల్దేరి కారెక్కాక మేనేజరు కిటికీ దగ్గరికి వచ్చి, "ఈసారి చుట్టుపక్కల వాళ్ళతో మాట్లాడకు" అన్నాడు.

నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ బురుజులో గీసినవాటికి నేనే పేర్లు పెట్టాను. వాటిలో ఏది దేనికోసం కట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు.