ముగ్గున్న గేటు

పుదుచ్చేరిలో కాలువ దాటితే వీధుల తీరు మారిపోతుంది. మేముండే కోసపాళయంలో ఇళ్ళకు అరుగులుంటాయి, అరుగుల మీద మనుషులుంటారు. కాలువకు అవతల, ఫ్రెంచివాళ్ళు కట్టిన వీధుల్లో ఎత్తైన పసుపు గోడలు, మూసిన గేట్లు. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ చూసిందల్లా గుర్తుపెట్టుకోవడం అలవాటైంది. రిటైరయ్యాక ఉదయం నడకలోనూ అదే పని. మలుపులో గుండ్రటి రాయి, బండిచక్రం గోడను గీరకుండా ఎప్పుడో పాతింది. కిటికీ చెక్కతలుపు గాలికి కొట్టుకోకుండా ఇనప కొక్కెం.

మొన్నటి వేసవిలో ఆ వీధుల్లోనే మా అక్క తప్పిపోయింది. అక్కడి పిళ్ళయారు గుడికి, అదే వినాయకుడి గుడికి తీసుకెళ్ళాను. ఆ రోజు ఒక్కపొద్దు. షుగర్ మాత్ర వేసుకుంది గానీ ఏమీ తినలేదు. నేను స్కూటర్ తెచ్చేలోపు చెప్పులేసుకుని ఏదో మలుపు తిరిగేసింది. కాసేపటికి ఫోన్ చేసింది.

"యాడుండావక్కా?"

"తెలిస్తే నీకెందుకు ఫోన్ చేస్తానురా? నరమానవుడు లేడు ఈడ. కళ్ళు తిరగతా ఉండాయి."

"గోడ మీద నీలం పలక ఉంటాది, చూడు."

"ఉంది. తెల్లరాతలు. చదవను వస్తే నేనే నీకు దోవ చెప్పేదాన్ని!"

నీలం పలక ప్రతి వీధికీ ఉంది. గోడలు పసుపన్నది, కిటికీ చెక్కలు బూడిదరంగన్నది. అన్నీ నిజమే, ఏదీ పనికిరాలేదు. ఎండ మండిపోతోంది. ఆమె గొంతు నీరసపడుతోంది.

"ఇంకేముందక్కా? బాగా చూడు."

"ఒక గేటు ముందర కోలం ఉందిరా. తామరపూల కోలం. ఎవురో మనోళ్ళే ఉంటారు. తట్టేదా?"

కోలమంటే ముగ్గు. ఆ వైపు ముగ్గేసే గేటు నేనెరిగినంతలో ఒక్కటే. రోజూ దాన్ని తొక్కకుండా పక్కకు జరిగి నడుస్తాను.

"తట్టు. ఆడనే కూర్చో, వస్తా ఉండా."

వెళ్ళేసరికి గేటు తెరిచి ఉంది. నీడలో పేము కుర్చీ, అందులో అక్క, చేతిలో చక్కెర నీళ్ళ గ్లాసు. ముఖాన చెమట ఆరుతోంది. ఆ ఇంట్లో వంటచేసే ఆవిడ పక్కనే నిలబడి ఉంది. ఇంటివాళ్ళు విదేశీయులట. గుమ్మం ముందు ముగ్గెయ్యకుండా తను పొయ్యి వెలిగించలేనని చెబితే, సరే వేసుకోమన్నారట.

"వీడేనమ్మా మా తమ్ముడు," అంది అక్క. "వీధి వీధికీ రాళ్ళు చూసి పెట్టుకుంటాడు. అక్కను మాత్రం పారేసుకుంటాడు."

ఆవిడ నవ్వింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. అంత తియ్యటి నీళ్ళు మామూలుగా తాగను. ఆ రోజు చుక్క మిగల్చలేదు.

అక్కను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ కదిలించబోతే వీపు మీద ఒక్కటేసింది.

"ఏందిరా ఆ తొందర! పక్కకు తిప్పు. చక్రం కోలం మీద ఎక్కతా ఉండాది."

హ్యాండిల్ తిప్పాను.